ఎక్స్‌రే నార్మల్ అన్నారు, అయినా బాబుకు ఛాతీ నొప్పి తగ్గలేదు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. నిన్న సాయంత్రం పార్కులో రైడ్ ఒక్కసారిగా ఆగిపోవడంతో ముందున్న సేఫ్టీ బార్ ఛాతీకి గట్టిగా తగిలింది. ఎక్స్‌రే తీసి ఎముకలేవీ విరగలేదన్నారు. కానీ ఇవాళ దగ్గినా, నవ్వినా నొప్పంటున్నాడు. ఆడుకోకుండా పడుకునే ఉంటున్నాడు. మళ్లీ చూపించాలా? - ఓ తల్లి

జవాబు: చూపించాలమ్మా, అదీ ఇవాళే. పిల్లల పక్కటెముకలు పచ్చి కొమ్మలాంటివి. వంగుతాయే గానీ అంత తొందరగా విరగవు. దాంతో దెబ్బ తాకిడి చాలావరకు లోపలి ఊపిరితిత్తులకే చేరుతుంది. ఒక్క ఎముకా విరగకుండానే, పైన చర్మం కమలకుండానే లోపల ఊపిరితిత్తి కమిలిపోవచ్చు. ఆ కమిలిన చోట వాపు 24 నుంచి 48 గంటల దాకా పెరుగుతూనే ఉంటుంది. అందుకే నిన్నటి ఎక్స్‌రేలో లేనిది ఇవాళ కనిపించవచ్చు. పాత ఫిల్మ్ కూడా తీసుకెళ్లండి, పోల్చి చూస్తారు.

బయల్దేరే ముందు ఒక పని చేయండి. బాబు ఏడవకుండా, కదలకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 30 దాటినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, దగ్గులో రక్తం పడినా ఓపీ క్యూలో కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఛాతీ మీద వేలితో నొక్కితే చర్మం కింద చిటపటలాడినా అంతే. ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికి వస్తోందని అనుమానించాలి. ఈ మాట వినగానే టెన్షన్ పడతారు గానీ, చాలామంది పిల్లలకు ఆపరేషన్ అక్కర్లేదు. అవసరమైతే ఛాతీలోకి గొట్టం వేసి గాలి తీసేస్తారు.

బీపీ బాగుందని ధీమా పడలేం. లోపల రక్తం పోతున్నా పిల్లల్లో బీపీ చాలాసేపు నిలబడుతుంది. ముందు పెరిగేది నాడి వేగమే. కడుపు నొప్పి గానీ, ఎడమ భుజంలో నొప్పి గానీ ఉంటే తప్పకుండా చెప్పండి. కింది పక్కటెముకల చాటున ఉండే ప్లీహానికి దెబ్బ తగిలిందేమో చూడాలి.

ఛాతీకి గుడ్డతో బిగించి కట్టే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి కట్టొద్దు. నొప్పికి భయపడి పిల్లలు ఇప్పటికే పైపైన ఊపిరి తీసుకుంటారు, కట్టు కడితే ఇంకా తగ్గించేస్తారు. అలా కఫం పేరుకుపోతే న్యుమోనియా రావచ్చు. అతని బరువుకు తగ్గ డోసులో పారాసెటమాల్ ఇవ్వవచ్చు.

ఆసుపత్రిలో "దెబ్బ తగిలింది" అని ఊరుకోకుండా, బార్ ఎక్కడ తగిలిందో, బాబు దాని కింద ఎంతసేపు నొక్కుకుపోయాడో చెప్పండి. ముఖం మీద గానీ, కంటి తెల్లగుడ్డులో గానీ ఎర్రటి చుక్కలు కనిపిస్తే అవీ చూపించండి.