కోఠి రెసిడెన్సీలో స్తంభాలు కాకుండా చూడాల్సింది ఏముంది?

హైదరాబాద్ కోఠి ఉమెన్స్ కాలేజీ ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీని బాగు చేశారని మీరు విన్నారు, ముందున్న పెద్ద స్తంభాలు తప్ప అందులో చూడటానికి ఏముందని అడిగారు. నేను అక్కడే డిగ్రీ చదివాను. మరమ్మతుల తర్వాత మళ్లీ వెళ్లి తీరిగ్గా చూసి వచ్చాను. చాలా ఉంది. కాకపోతే కథ తెలిసి చూస్తేనే ఆ ఇల్లు అర్థమవుతుంది.

కట్టించినది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1798 నుంచి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంట్, అంటే కంపెనీ ప్రతినిధి. ప్లాన్ గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌కు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. పని 1803లో మొదలైంది. డబ్బు మాత్రం కంపెనీది కాదు, నిజాందే. దీని మీద ఒక కథ చెప్పుకుంటారు. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన స్థలాన్ని పెద్ద కాగితం మీద గీయించి తీసుకెళ్తే నిజాం ఒప్పుకోలేదట. కాగితం తన రాజ్యం మ్యాపు అంత కనబడేసరికి, అంత భూమి ఇవ్వడమా అనుకున్నాడట. అదే ప్లాన్‌ని చిన్న కార్డు మీద గీయించి పట్టుకెళ్తే వెంటనే సరేనన్నాడట. నిజమెంతో గానీ, ఎవరి సొమ్ముతో ఎవరి దర్పం నిలబడిందో ఆ కథలో స్పష్టంగా ఉంది.

ముందు వైపు అంతా ఆ దర్పమే. వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా సింహాలు, కొరింథియన్ స్తంభాలు, వాటిపైన త్రికోణంలో కంపెనీ చిహ్నం. దూరం నుంచి రాయి అనిపించే ఆ స్తంభాలు నిజానికి ఇటుక, సున్నంతో కట్టినవి. పైన నున్నగా పాలిష్ పట్టిన సున్నపు పూత. రూపం యూరప్‌ది, పనితనం ఇక్కడి తాపీ మేస్త్రీలది. స్తంభం తలకట్టు దగ్గర ఆకుల నగిషీ చూసిన ప్రతిసారీ నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. రస్సెల్ పేరు మిగిలింది, వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

లోపల దర్బార్ హాలు రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. పైకప్పు నగిషీని తప్పకుండా తలెత్తి చూడండి. అక్కడి నుంచి మెట్ల దగ్గరికి రండి. కోడిగుడ్డు ఆకారంలో వంపు తిరుగుతూ పైకెళ్లే ఆ మెట్లే భవనం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టం. కింద నిలబడి పైకి చూస్తే వాటి అందం తెలుస్తుంది.

ఆ తర్వాత వెనక తోటలోకి వెళ్లండి. చాలామంది అటు వెళ్లరు, అసలు కథ అక్కడే ఉంది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె కోసం కట్టించిన జెనానా (ఆడవాళ్లు ఉండే భవనం), పేరు రంగమహల్, ఇప్పుడు లేదు. పరదాలో ఉండే ఆమెకు ముందు వైపుకు వచ్చి భవనాన్ని చూసే వీలు లేదు కాబట్టి, దాని చిన్న నమూనాను వెనక తోటలో కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇంకా ఉంది. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ పంపేశారు. అదే ఏడాది అతను కలకత్తాలో చనిపోయాడు. ఆమె కూడా 1813లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే పోయింది. పిల్లల్ని మళ్లీ చూడనే లేదు. చదువుకునే రోజుల్లో మాకు ఇదంతా ప్రేమకథలాగే వినిపించేది. ఇప్పుడు నాకు ఆ తల్లి బాధే ముందు కనిపిస్తుంది.

1949 నుంచి ఇక్కడ ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇప్పుడిది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. పరదా చాటున ఒక స్త్రీని ఉంచిన ఆవరణలో వేలమంది అమ్మాయిలు డిగ్రీలు తీసుకున్నారంటే నాకు చాలా గర్వం. మధ్యలో భవనం బాగా పాడైంది. పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది, తర్వాత మరమ్మతులకు సాయం చేసింది. ఇలాంటి పాత గోడలకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోదు, ఇటుక మెల్లగా పొడి అవుతుంది. అందుకే సున్నంతోనే చేయాలి. పని నెమ్మది, ఖర్చు ఎక్కువ. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని విసుక్కునే వాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇది యూనివర్సిటీ కాబట్టి నేరుగా లోపలికి వెళ్లడం కుదరకపోవచ్చు, ముందే అనుమతి కనుక్కోండి. వచ్చేటప్పుడు కోఠి బస్టాప్ దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం దగ్గర కూడా ఆగండి. 1857 జూలై 17న ఆయన, మౌల్వీ అల్లాఉద్దీన్ కలిసి జనంతో ఈ రెసిడెన్సీ మీదికే దాడికి వచ్చారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఆ కంపెనీ చిహ్నాన్ని చూసిన రోజే ఈ స్మారకాన్నీ చూడాలని నా అభిప్రాయం.