డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎందుకు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మావారికి విశాఖ బదిలీ అయింది. సోఫా, వాషింగ్ మెషీన్, బీరువా అమ్ముదామని ఆన్‌లైన్‌లో ఫోటోలు పెట్టాను. కాసేపటికే ఒకతను హిందీలో ఫోన్ చేశాడు. మిలిటరీలో పని చేస్తున్నానని, సికింద్రాబాద్‌కు కొత్తగా పోస్టింగ్ వచ్చిందని చెప్పి ఐడీ కార్డు పంపాడు. సోఫాకు నేను చెప్పిన 12,000కే ఒప్పుకున్నాడు. మా ఆఫీసు ఖాతా నుంచి డబ్బు రావాలంటే ముందు టెస్ట్ చేయాలంటూ 5 రూపాయలకు క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే 5 పోయి, వెంటనే 10 వచ్చాయి. నమ్మి రెండో కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టాను. 12,000 పోయాయి. 'పొరపాటు జరిగింది, ఇంకోసారి చేస్తే మొత్తం 24,000 వస్తాయి' అంటున్నాడు. డబ్బు తిరిగి వస్తుందా? మిగతా సామాను అమ్మొచ్చా? ఈ లోటు పూడ్చడానికి నా 2 లక్షల చిట్టీ పాడేయనా? - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ మెయిల్ చూడగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని విడిగా రాశాను. ఇంకా చేయకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి. డబ్బు తిరిగి రావడం, రాకపోవడం చాలావరకు మీరు ఎంత త్వరగా చెప్పారన్న దాని మీదే ఉంటుంది. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది. అప్పటికి ఆ ఖాతాలో ఎంత మిగిలితే అంత ఆపేస్తారు. మోసగాళ్లు ఆ డబ్బును ఒక ఖాతాలో ఉంచరు. నిమిషాల్లో మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకోదానికి మార్చి, చివరికి ఏటీఎంలో తీసేసుకుంటారు.

ఫోన్ చేసేటప్పుడు యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కనిపించే 12 అంకెల నంబర్, డబ్బు పోయిన సమయం, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వివరాలన్నీ నమోదు చేయండి. మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయండి. వాడి నంబర్ బ్లాక్ చేయాలని చేతులు దురద పెడుతుంటాయి. ముందు చాట్, క్యూఆర్ కోడ్, ఐడీ కార్డు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాతే చేయండి. ఆ కార్డు మాత్రం ఎవరో నిజమైన జవానుదే అయి ఉండొచ్చు, పాపం ఆయనకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

బ్యాంకు వాళ్లు 'పిన్ మీరే కొట్టారు కదా' అంటారు. మాట కటువుగా ఉన్నా, నిబంధనల ప్రకారం వాళ్ల వాదనకు బలం ఉంది. అనధికార లావాదేవీల్లో ఖాతాదారును కాపాడే రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు 2017 నుంచి ఉన్నాయి గానీ, మనమే పిన్ కొట్టిన చోట అవి పెద్దగా అక్కరకు రావు. కాబట్టి మీ ఆశంతా 1930 ద్వారా ఆగిన డబ్బు మీదే పెట్టుకోవాలి. అలా ఆగిన మొత్తాలను తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. అందుకు టైం పడుతుంది. ఈలోగా 'మీ డబ్బు రప్పిస్తాం, ఫీజు కట్టండి' అంటూ ఇంకొకడు తగలొచ్చు. వాడూ ఆ బాపతే.

ఇక అసలు కిటుకు ఆ 10 రూపాయల్లో ఉంది. వాడు మీ మీద పెట్టిన పెట్టుబడి అదే, గాలానికి గుచ్చిన ఎర. 5 పోయి 10 వచ్చేసరికి, స్కాన్ చేస్తే డబ్బు వస్తుందని మీకు నమ్మకం కుదిరింది. కానీ స్కాన్ వల్ల మీ 5 పోయాయంతే. ఆ 10 వాడు తన ఫోన్ నుంచి మామూలుగా పంపాడు. యూపీఐలో పిన్ కొట్టడమంటే 'నా ఖాతాలోంచి డబ్బు తియ్యి' అని బ్యాంకుకు చెప్పడం. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, టెస్టింగ్ అసలే అక్కర్లేదు. కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది చూడండి, దాన్ని స్కాన్ చేసేది కొనేవాళ్లే కదా! ఇంతకుముందు ఇదే మోసం యూపీఐలో డబ్బు అడిగే 'రిక్వెస్ట్' పంపి చేసేవారు. వ్యక్తుల మధ్య అలాంటి రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. క్యూఆర్ కోడ్ దారి మాత్రం మిగిలే ఉంది.

ఇంకో సంగతి. వాడుకున్న సోఫాకు బేరం ఆడకుండా, కూర్చుని చూడకుండా, కనీసం చెద పట్టిందా అని అడగకుండా చెప్పిన ధరకే ఒప్పుకునేవాడు మన ఊళ్లో ఎక్కడైనా ఉన్నాడా? నా మటుకు నాకు మిలిటరీ కథ కంటే పెద్ద అనుమానం ఇదే.

మిగతా సామాను నిరభ్యంతరంగా అమ్మండి. భయపడి వాషింగ్ మెషీన్‌ను పాత ఇనుప సామాను వాడికి ఇచ్చేస్తే అది ఇంకో నష్టం. ముందు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి చూడండి. బయటివాళ్లయితే పగటి పూట, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు వచ్చి చూడమనండి. అడ్వాన్సు ఇస్తామంటే మీ యూపీఐ ఐడీ చెప్పండి, అంతకు మించి ఏమీ చేయొద్దు. ఏ యాప్‌నూ, వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైల్‌నూ ఇన్‌స్టాల్ చేయొద్దు. 'డబ్బు పంపాను' అని వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు, అచ్చం అలాంటివి తయారు చేసే నకిలీ యాప్‌లున్నాయి. మెసేజ్‌నూ నమ్మొద్దు. బ్యాంకు మెసేజ్ మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి రాదు. మీ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే సామాను గడప దాటాలి.

'750 పంపబోయి 7,500 పంపేశాను, మిగతాది వెనక్కి వేయండి' అనే ఫోన్ వస్తే చాలాసార్లు అసలు డబ్బే రాదు, వచ్చేది దొంగ మెసేజ్. ఒకవేళ నిజంగానే వస్తే మరీ జాగ్రత్త. అది మీలాంటి ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బు కావచ్చు. వాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆపేది మీ ఖాతాను. మీరుగా తిరిగి పంపకుండా, 'మీ బ్యాంకుకు చెప్పండి' అని, మీ బ్యాంకుకూ ఆ రోజే తెలియజేయండి. ఈ కారణంగానే జీతం పడే ఖాతాను ఇలాంటి అమ్మకాలకు వాడొద్దంటాను. 2,000, 3,000 మాత్రమే ఉండే వేరే ఖాతాను యూపీఐకి కలుపుకోండి. ఎప్పుడైనా పొరపాటు జరిగినా పోయేది అంతవరకే, ఆపినా ఆగేది అదే.

చిట్టీ జోలికి మాత్రం వెళ్లకండి. 12,000 లోటు కోసం 2 లక్షల చిట్టీ తొందరపడి పాడితే, పాటలో వదులుకునే మొత్తమే అంతకంటే ఎక్కువ కావచ్చు. సోఫా ఇంకా మీ ఇంట్లోనే ఉంది కదా, దాన్నీ మిగతావాటినీ అమ్మగా వచ్చినదాన్ని సామాను తరలింపు ఖర్చుకు వాడుకోండి. ఇంట్లో వాడుకున్న ఫర్నిచర్, మెషీన్ అమ్మితే వచ్చే డబ్బు మీద ఆదాయపు పన్ను టెన్షన్ లేదు. ఇంకా తక్కువైతే అత్యవసర నిధి నుంచి తీసుకుని, విశాఖ వెళ్లాక నెలకు 2,000 చొప్పున ఆరు నెలల్లో అందులో తిరిగి వేసేయండి.