కోరంగి మట్టి తియ్యబోయే అమ్మలుకి

అమ్మలూ,

పీహెచ్‌డీ కోసం కోరంగి మడ అడవిలో మట్టి తీస్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గోదారి మట్టిలో ఆకు మైనం, అదే ఆకుల మీదుండే సన్నటి మైనపు పూత, వెతికే పిల్ల మనింట్లోంచి వస్తోందని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గాజు సీసాలు ఫర్నేస్‌లో కాల్చి పట్టుకెళ్ళు, ప్లాస్టిక్ వద్దు. తీసిన మట్టి వెంటనే ఐస్‌లో పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

తెలియాల్సింది ఇంకోటుంది. నా ల్యాబ్ రోజుల్లో ఒక కుర్రాడు పడవలు ఆగే రేవు పక్కనే మట్టి తీశాడు. అందులోని మైనం భాగాన్ని మొత్తంగా కొలిస్తే కార్బన్-13 విలువ, అంటే బరువైన కార్బన్ ప్రామాణిక నమూనా కంటే వెయ్యికి ఎంత తక్కువుందో చెప్పే అంకె, మైనస్ 31 వచ్చింది. వరి, మడ లాంటి సీ3 మొక్కల (గాలిలోని కార్బన్‌ని ముందు మూడు కార్బన్ల పదార్థంగా పట్టే రకం) మైనం మైనస్ 30 కంటే కిందే ఉంటుంది కాబట్టి సంబరపడిపోయాడు. పెట్రోలియం నూనెలు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయని ఎవరికీ తట్టలేదు. చివర్లో క్రొమటోగ్రామ్, అంటే ఏ పొడుగు కార్బన్ గొలుసు ఎంతుందో చూపే గీత, చూశాం. ఆకు మైనమైతే 27, 29, 31 కార్బన్ల గొలుసులు ఎత్తుగా, మధ్యలో 28, 30 పొట్టిగా కనబడాలి. అతని దాంట్లో సరి బేసి తేడా లేకుండా చిన్న గొలుసులన్నీ ఒకే వరసన ఉన్నాయి, వాటి కింద పెద్ద నూనె గుట్ట. అంతా పడవ ఇంజన్ కార్చిందే! ఏడాది పని పోయింది. ఆ పిల్లాడు తల దించుకుని కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నువ్వలా కూర్చోకూడదు తల్లీ. ముందు సరి బేసి చూడు, తర్వాతే అంకెని నమ్ము.

అక్కడి మైనమంతా మడ చెట్లదే అనుకునేవు, జాగ్రత్త. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదారి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. దక్కనులోని జొన్న, గడ్డి సీ4 మొక్కలు (ముందు నాలుగు కార్బన్ల పదార్థం చేసే రకం), వాటి మైనం మైనస్ 20 దరిదాపుల్లో ఉంటుంది. అదంతా ఒండ్రుకి అంటుకుని సముద్రంలోకి చేరుతుంది. గాలిలోంచి ఆకు పీల్చిన కార్బన్ కొంత అలా వేల ఏళ్ళు అడుగున పూడిపోతుంది. గోదారి మొగకి ఎదురుగా బంగాళాఖాతం అడుగు మట్టిలో ఆ మైనాన్నే చదివి, ఎండకి తట్టుకునే మొక్కల వాటా పెరగడం చూసి, దక్కను సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి క్రమంగా ఎండిందని 2012లో రాశారు. అంత గొప్ప పని నీది! అందుకే మడాకు, వరాకు, చెరకాకు విడివిడిగా కోసి, వాటినీ కొలువు. చెరకు కూడా సీ4 అని మరిచిపోకు.

ఇక నా అసలు టెన్షన్. పోటు వేళకి కాలవలు చూస్తూండగానే నిండిపోతాయి. బురదలో మడ వేళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. ఒంటరిగా దిగావని తెలిస్తే ఊరుకోను. సరంగు వెనక్కి రమ్మంటే శాంపిల్ సగంలో ఉన్నా వచ్చెయ్యి. మట్టి రేపూ ఉంటుంది. పడవ ఎక్కేముందు, దిగాక ఫోన్ చెయ్యి. పనిలో పడి మర్చిపోయాననకు.

నీ పెదనాన్న