జనాభా లెక్కల డేటా భద్రపరిచే పని కూడా ఒక కెరీరేనా అని అడిగిన నాన్నగారికి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సు, ఆ తర్వాత అమెరికాలో ఎంఎస్ అనుకుని లోను గురించి బ్యాంకులో మాట్లాడి వచ్చాను. ఇప్పుడేమో ముంబైలో జనాభా శాస్త్రం పీజీ చేస్తానంటోంది. ప్రపంచ దేశాల జనాభా లెక్కల డేటాను భద్రపరిచి పరిశోధకులకు అందించే సంస్థలు ఉంటాయట, ఆ పనిలోకి వెళ్తుందట. రాత్రి పొద్దుపోయేదాకా ఎన్‌ఎస్‌ఎస్ అనే ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే ఫైళ్లు ముందేసుకుని ఏదో చేస్తుంటుంది. ఇది క్లర్కు పని కాదా? ఉద్యోగం వస్తుందా? రెండు దారులూ పోల్చి చెప్పండి. మా బావమరిది పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు, రేపు ఎవరైనా అడిగితే మా అమ్మాయి ఏం చేస్తోందని చెప్పాలి? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సార్, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. ఇన్నేళ్లుగా ఇలాంటి ఉత్తరాలు చదువుతున్నాను, కోర్సు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, "ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి" అనేది మాత్రం ఎక్కడో ఒకచోట ఉంటుంది. చాలామంది దాన్ని జీతం, ప్లేస్‌మెంట్ అనే మాటల వెనక దాస్తారు. మీరు దాచలేదు, అందుకే నేనూ దాచకుండా మాట్లాడతాను.

ముందు ఆ క్లర్కు మాట సంగతి చూద్దాం. మీ జిల్లాతోనే చెబుతాను. 2011 జనాభా లెక్కల్లో ఖమ్మం జిల్లా జనం దాదాపు 28 లక్షలు. 2014లో కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో కలిశాయి. ఇప్పటి ఖమ్మం హద్దులు పెట్టి చూస్తే అదే 2011 లెక్క దాదాపు 14 లక్షలే. రేపు 2027 లెక్కలు వచ్చాక ఎవరో కుర్రాడు రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి "ఖమ్మం జనాభా సగానికి పడిపోయింది" అని రాస్తే? పేరు ఒకటే, ఊళ్లు వేరు. ఏ గ్రామం ఎప్పుడు ఎటు వెళ్లిందో కనిపెట్టి, పాత లెక్కనూ కొత్త లెక్కనూ ఒకే హద్దుల్లోకి తెచ్చి, అలా ఎందుకు చేశారో రాసిపెట్టే మనిషి ఉంటేనే ఆ తప్పు జరగదు. మీ అమ్మాయి చేస్తానంటున్న పనిలో ఇదొక భాగం, ఇంకా చిన్న భాగం.

ఇప్పుడు దీన్ని వందకు పైగా దేశాలకు పెంచి చూడండి. అమెరికాలో మినియాపొలిస్‌లోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఐపమ్స్ అనే ప్రాజెక్టు ఉంది. స్టీవెన్ రగుల్స్ అనే చరిత్రకారుడు 1990ల మొదట్లో అమెరికా జనాభా లెక్కలతో దాన్ని మొదలుపెట్టారు, 1999 నుంచి ఇతర దేశాలవీ చేర్చారు. ఇవాళ అందులో 100 కోట్లకు పైగా మనుషుల రికార్డులున్నాయి, పేర్లు లేకుండా. ప్రతి దేశపు గణాంక కార్యాలయంతో విడిగా ఒప్పందం ఉంటుంది. పరిశోధకులు దేనికోసమో చెప్పి దరఖాస్తు పెట్టుకుంటారు, ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయబోమని, డేటాను వేరొకరికి ఇవ్వబోమని రాసిస్తారు, ఆ తర్వాత రూపాయి కట్టక్కర్లేదు. అమెరికాలోనే ఆన్ ఆర్బర్‌లో 1962 నుంచి, ఇంగ్లండ్‌లో ఎసెక్స్‌లో 1967 నుంచి సామాజిక పరిశోధనల డేటాను దాచే ఆర్కైవులు నడుస్తున్నాయి. నిన్న మొన్న పుట్టిన పని కాదు.

దాచడం అంటే బీరువాలో పెట్టి తాళం వేయడం అని మీరు అనుకుంటున్నట్టున్నారు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. 1931 నాటి ఇంగ్లండ్, వేల్స్ లెక్కల కాగితాలు 1942లో కాలి బూడిదయ్యాయి. అవి కాగితాలు. 1960ల తర్వాత చాలా దేశాలు మాగ్నెటిక్ టేపుల మీదకు ఎక్కించాయి, ఆ టేపులు వేడికీ తేమకూ పాడవుతాయి, వాటిని చదివే యంత్రాలేమో మూలన పడతాయి. ఎలాగో కష్టపడి చదివారనుకోండి, తెరమీద కనిపించేది వరుసగా అంకెలు. 23వ కాలమ్‌లో 4 అని ఉంటే ఏమిటర్థం? భార్య చనిపోయిన మనిషా, నాలుగో తరగతి చదివిన మనిషా, ఇంట్లో నాలుగో వ్యక్తా? అది చెప్పే కోడ్‌బుక్ పోతే టేపు బాగున్నా అందులోని దేశం పోయినట్టే. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు పాత ప్రశ్నపత్రాలు, ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచనల పుస్తకాలు, చేతిరాత నోట్సులు కూడా వెతికి తెచ్చి అచ్చంగా దాస్తారు.

మీ అమ్మాయి రాత్రిళ్లు చేస్తున్నది ఇదే సార్. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ లెవెల్ ఫైలు, అంటే ఒక్కొక్క ఇంటి, ఒక్కొక్క మనిషి జవాబులుండే ఫైలు తెరిస్తే ఇలాంటి అంకెల వరుసలే కనిపిస్తాయి. పక్కన లేఅవుట్ పెట్టుకుని ఏ అంకె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తనే విడదీసుకోవాలి. ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా, డిగ్రీ చదివే పిల్ల దానితో కూర్చుంటోందంటే నేను ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ పెట్టక్కర్లేదు.

దేశాలను పోల్చడం అనే భాగం నాకు అన్నిటికంటే ఇష్టం, కొంచెం ఎక్కువ చెబితే క్షమించండి. మన లెక్కల్లో ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండి వేరుగా వండుకుంటే రెండు కుటుంబాలు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒక కుటుంబం అని లెక్కేసే దేశాల్లో వాళ్లంతా ఒక్కటే. మన దగ్గర ఏడేళ్లు నిండిన వాళ్లలోనే అక్షరాస్యులను లెక్కేస్తారు, చాలాచోట్ల పదిహేనేళ్ల నుంచి. మన దగ్గర ఏడాదిలో ఆరు నెలలు పనిచేస్తే ప్రధాన కార్మికుడు, ఇంకెన్నో దేశాల్లో గడిచిన వారంలో పనిచేశారా అని మాత్రమే అడుగుతారు, అంటే వరినాట్ల వారంలో అడిగితే ఒక జవాబు, ఎండల్లో అడిగితే ఇంకో జవాబు. వీటన్నిటినీ ఒక్క పట్టికలోకి తేవాలి, ఏ దేశం చెప్పిందీ చెరిగిపోకూడదు. ఐపమ్స్ వాళ్లు దీనికి పట్టుకున్న ఉపాయం చూడండి: కోడ్‌లో మొదటి ఒకటి రెండు అంకెలకు అన్ని దేశాల్లో ఒకటే అర్థం, తర్వాతి అంకెల్లో ఆ దేశపు సొంత వివరం. ఇలాంటి ఉపాయం తట్టాలంటే లెక్కలు రావాలి, కంప్యూటర్ రావాలి, మనుషులు ఎలా బతుకుతారో కూడా తెలిసుండాలి.

గోప్యత ఇంకో పెద్ద బాధ్యత. పేరు తీసేస్తే సరిపోదు. చిన్న ఊళ్లో యాభై రెండేళ్ల డాక్టరమ్మ, ఒంటరిగా ఉంటారు అని రికార్డులో ఉంటే ఆ ఊరివాళ్లకు పేరెందుకు? అందుకని చిన్న ప్రాంతాలను కలిపేస్తారు, కొన్ని రికార్డులను ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మార్చేస్తారు. మన 1948 సెన్సస్ చట్టం కూడా ఎన్యూమరేటర్ రాసుకున్న వివరాలను బయటివాళ్లు చూడకూడదని, ఆ చట్టం కింద పెట్టిన కేసుల్లో తప్ప కోర్టులో సాక్ష్యంగా వాడకూడదని చెబుతుంది. ఎంత దాచాలి, ఎంత ఇవ్వాలి అన్నదాని మీద అమెరికాలో 2020 లెక్కల దగ్గర పెద్ద వాదనే జరిగింది. ప్రభుత్వం గోప్యత కోసం అంకెల్లో కావాలని కొంత తేడా కలిపితే, పరిశోధనకు నష్టమని రగుల్స్ గట్టిగా వ్యతిరేకించారు. క్లర్కులు ఇలాంటి నిర్ణయాలు తీసుకోరు.

ఇప్పుడు డేటా సైన్స్. ఆ శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది, దాని పేరు చెప్పి మన దగ్గర అమ్ముతున్నదాని మీదే నా అనుమానం. ఆరు నెలల్లో పైథాన్, నాలుగు లైబ్రరీలు, ప్రపంచమంతా వాడే అవే రెండు మూడు ఫైళ్లు, టైటానిక్ ప్రయాణికుల జాబితా, ఐరిస్ పూల కొలతలు. వాటి మీద ఒక మోడల్ కట్టించి రెజ్యూమెలో ప్రాజెక్ట్ అని రాయిస్తారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అదే ప్రాజెక్ట్ ఆ వారంలోనే పదిసార్లు చూసి ఉంటారు. పైగా ఆ స్థాయి కోడ్ ఇప్పుడు ఏఐ నిమిషంలో రాసిస్తోంది. మరి దానికి ఏది కష్టం? ఒక గడి ఖాళీగా ఉందంటే ఆ మనిషి జవాబు చెప్పలేదా, అసలు అడగలేదా, అడగాల్సిన అవసరమే లేదా అన్నది. ఐదేళ్ల పిల్లాడికి ‘వృత్తి’ దగ్గర ఖాళీ ఉండటం, నలభై ఏళ్ల మనిషికి ఖాళీ ఉండటం ఒకటి కాదు. ఇది ప్రశ్నపత్రం చదివినవాళ్లకే తెలుస్తుంది, ఆ చదవడం ఆరు నెలల కోర్సుల్లో నేర్పడం నేనైతే చూడలేదు. పోయినేడు ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఒక సంస్థలో లక్షన్నర కట్టి కోర్సు పూర్తి చేశాడు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నవాళ్లు చివరికి కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి పంపారు. ఆ అబ్బాయి తెలివైనవాడు. నా ముందు తల వంచుకుని కూర్చున్నాడు, తప్పు తనది కాకపోయినా.

అమెరికా సంగతి మీకు తెలియనిది కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. రేపు ఆ నిబంధన ఎటు మారుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ బావమరిది పిల్లలు వెళ్లిన రోజులు వేరు. మీరు తాకట్టు పెట్టబోయేది ఇల్లో పొలమో నాకు తెలియదు. కానీ అమ్మాయిని ఒక్క మాట అడగకుండా బ్యాంకుకు వెళ్లొచ్చారు. ఇది తప్పు సార్, గట్టిగానే చెబుతున్నాను. లోను సంతకం మీదే అయినా, నెలనెలా ఈఎంఐ గుర్తొచ్చి నిద్ర పట్టనిది ఆ పిల్లకే. ఇష్టమైన చదువు తనే వెతుక్కున్న పిల్లను చూసి సంతోషించాల్సింది పోయి బంధువులకు ఏం చెప్పాలని టెన్షన్ పడుతున్నారు. బంధువులు అడిగితే "జనాభా శాస్త్రం చదువుతోంది" అని చెప్పండి, అంతకంటే వివరం కావాలంటే అమ్మాయినే పిలవండి, మీకంటే బాగా చెబుతుంది.

ఆమె దారిలో కష్టాలు లేవని నేను అనను. ఈ ఉద్యోగాలు తక్కువ. చాలావరకు ప్రాజెక్టు ఉన్నంత కాలమే ఉండేవి, గ్రాంట్ ఆగితే పని ఆగుతుంది. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేసినప్పుడు, ఎన్నో దేశాల ఆరోగ్య, జనాభా సమాచారానికి ఆధారమైన డీహెచ్‌ఎస్ సర్వేల కార్యక్రమం ఒక్కసారిగా ఆగింది, అందులో అనుభవం ఉన్నవాళ్లు కూడా రోడ్డున పడ్డారు. ఐపమ్స్‌లో ఉద్యోగమే కావాలి అని ఒకే గురి పెట్టుకుంటే నేనూ వద్దంటాను.

కానీ ఆమె చేతిలో ఉన్న డిగ్రీ చూడండి, స్టాటిస్టిక్స్ ఉంది. అంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు అర్హత ఉంది, అది గ్రూప్-ఏ సర్వీసు, ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనమే 56,100. దేశంలో సర్వేలు, గణాంకాలు నడిపే అధికారులు అక్కడి నుంచే వస్తారు. ఆమె చెబుతున్న ముంబై సంస్థ ఐఐపీఎస్, అంటే అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ, అయి ఉంటుంది. 1956లో పెట్టింది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను నడిపేది వాళ్లే. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది. మన దేశపు జనాభా లెక్కలు ఐపమ్స్‌లో లేవు, అక్కడ ప్రపంచ దేశాల లెక్కలుండే విభాగంలో మన తరఫున ఉన్నవి ఎన్‌ఎస్‌ఎస్ సర్వేలే, అంటే మీ అమ్మాయి ఇప్పటికే చేతిలో పట్టుకుని కూర్చున్నవే. 2011 తర్వాత మనకు జరుగుతున్న లెక్కలు 2027వి, మొదటిసారి డిజిటల్‌గా, స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి అందరి కులం వివరాలతో. ఆ డేటాను శుభ్రం చేసి, వివరం రాసి, జాగ్రత్తగా పంచే మనుషులు కావాల్సింది సరిగ్గా ఆమె పీజీ ముగిసే రోజుల్లోనే. ఒకవేళ ఇవేవీ కుదరకపోయినా, పెద్ద డేటాను నమ్మకంగా సరిచేయగల మనిషిని బ్యాంకులు, ఆసుపత్రులు, మీరు చెప్పే ఆ డేటా సైన్స్ కంపెనీలు కూడా తీసుకుంటాయి. అటు నుంచి ఇటు రావడం కంటే ఇటు నుంచి అటు వెళ్లడం తేలిక.

పోల్చి చెప్పమన్నారు. రెండేళ్ల పీజీకి అయ్యే ఖర్చు అమెరికా లోనులో చిన్న వంతు, పోయేది తక్కువ. ఇంతకంటే పెద్ద పోలిక నాకు అవసరం అనిపించలేదు, ఎందుకంటే ఇక్కడ ఒక దారి అమ్మాయి నడవాలనుకుంటున్నది, ఇంకో దారి మీరు విన్నది.

ఈ ఆదివారం ఆ లాప్‌టాప్ ముందు ఆమె పక్కన కూర్చోండి. ఖమ్మం జిల్లా కుటుంబాలు ఆ ఫైల్లో ఎక్కడున్నాయో చూపించమనండి. ముంబై హాస్టల్ గురించి అమ్మగారికి భయం ఉంటే అడ్మిషన్‌కు ముందే ముగ్గురూ కలిసి ఒకసారి వెళ్లి చూసి రండి. దరఖాస్తు ఆఖరు తేదీ మాత్రం ఈ రాత్రే కనుక్కోండి, బ్యాంకు వాళ్లకు రేపు ఫోన్ చేసి ఇప్పుడు వద్దని చెప్పండి.