లగ్గం ఫొటోలు: కెమెరా పట్టేది ఎవరో ముందే అడగండి

లగ్గాల సీజన్ వచ్చేసరికి నల్గొండ కాన్నుంచి గద్వాల దాక అందరూ ఫొటోగ్రాఫర్ల గురించే ప్రశ్నలు రాసి పంపిన్రు. అన్నిటికీ జవాబు ఇయ్యాలంటే పేజీ సరిపోదు, అందుకే కొన్నే తీసుకున్న.

ప్రశ్న: మాఘమాసంల మా చెల్లె లగ్గం. మా ఊరి స్టూడియో ఆయన 90 వేలు అంటుండు, హైదరాబాద్ టీం వాళ్లు రెండు లక్షల పైన అంటున్నరు. ఇన్‌స్టాల చూస్తే హైదరాబాద్ వాళ్లయే మస్తుగున్నయి, నాయినేమో మనూరాయననే పెట్టుకుందాం అంటుండు. ఎవరిని పెట్టుకోవాలె?
(పెండ్లిపిల్ల అన్న, మిర్యాలగూడ)

జవాబు: తమ్మీ, ఇన్‌స్టా పేజీ అంటే పెండ్లిచూపులకు పంపే ఫొటో లెక్క, అండ్ల అందరూ మంచిగనే ఉంటరు. ఏడాదంత తీసిన లగ్గాలల్ల నుంచి ఏరి పెట్టినయి అవి. ఇద్దరినీ ఒక్కటే అడుగు, ఒక్క లగ్గం మొత్తం చూపియ్యమను, మైలపోలు కాన్నుంచి అప్పగింతల దాక. అది గూడ ఏసీ ఫంక్షన్ హాల్‌ది కాకుండ ఊర్ల ఇంటి ముందట పందిరిల జరిగినదైతే ఇంకా మంచిది, ఎందుకంటే హాల్ల లైటింగ్ సగం పని అదే చేసిపెడ్తది.

చూసేటప్పుడు పెండ్లిపిల్ల క్లోజప్పులు పక్కకు పెట్టు, అయి అందరూ తీస్తరు. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంల ఇద్దరి మొఖాలు కనపడుతున్నయా, అయ్యగారి వీపు కనపడుతున్నదా చూడు. కాళ్లు కడిగేటప్పుడు తల్లిదండ్రుల మొఖం దొరికిందా, రాత్రి బరాత్‌ల మనుషులు మసకమసకగ ఉన్నరా, గ్రూప్ ఫొటోల చివర నిలబడ్డోళ్ల మొఖాలు గూడ సాఫ్ ఉన్నయా, గివి చూస్తే పనోడెవరో అర్థమైపోతది.

ఇగ అసలు సంగతి. ఆ రోజు కెమెరా పట్టుకొని వచ్చేది ఎవరు? మంచి ముహూర్తం ఉన్ననాడు ఒక్కో స్టూడియో రెండు మూడు లగ్గాలు ఒప్పుకుంటది, ఓనర్ ఒక్క కాడికే పోతడు, మిగతా కాడికి ఆ రోజుకు పిలిచిన ఫ్రీలాన్సర్లు పోతరు. వాళ్లల్ల మంచోళ్లు లేరని కాదు, నువ్వు ఎవరి ఫొటోలు చూసి అడ్వాన్స్ ఇచ్చినవో వాడే వస్తుండా అన్నది నీకు తెల్వాలె కదా. పేరు అడుగు, అతను తీసినయే చూపియ్యమను, కాయితం మీద రాయించుకో. హైదరాబాద్ టీం అయినా మనూరాయన అయినా ఇదే లెక్క.

మీ నాయిన మాట కొట్టెయ్యకు. బయటి టీం వాళ్లకు క్యాండిడ్, అంటే పోజు పెట్టియ్యకుండ తీసే ఫొటోలు, బాగొస్తది, లైట్ మీద పట్టు ఉంటది, కాని ఐరేని కుండలు తెచ్చేటప్పుడు ఎటు నిలబడాలె, ఎదుర్కోళ్లకాడ ఎవరు ఎవరికి ఎదురొస్తరు, నాగవెల్లి ఎంతసేపు నడుస్తది, గివన్నీ కొందరికి తెల్వయి. తాళి కట్టుడు అయిపోంగనే బ్యాగులు సర్దే టీంలు గూడ ఉన్నయి. నన్నడిగితే మనూరాయనకే మొత్తం పని అప్పజెప్పి, ముహూర్తం నాటికి మాత్రం క్యాండిడ్ తీసే ఒక్క మనిషిని వేరుగ మాట్లాడుకో. ఇద్దరికీ ముందే చెప్పాలె గాని, లేకుంటే ఒకరి ఫ్రేమ్ల ఒకరు పడ్డరని స్టేజీ మీదనే కయ్యం.

కాయితం మీద ఏం రాయాలె అంటే, ఎన్ని గంటలకు వస్తరు, ఎన్నింటిదాక ఉంటరు, ఏ ఏ కార్యాలు తీస్తరు, ఎంతమంది వస్తరు. ఆల్బమ్ 12 బై 36 అంగుళాలు అంటే సరిపోదు, ఎన్ని షీట్లో గూడ రాయించు, ఎందుకంటే తర్వాత షీటుకు ఇంత ఎక్స్‌ట్రా అని అక్కడే బిల్లు పెరుగుతది. వీడియో ఫుల్ ఎంతసేపు, టీజర్ ఉన్నదా, ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌ల ఇస్తరా, డిస్క్ మీరు కొనియ్యాల్నా, ఎప్పటిలోగ ఇస్తరు. జీఎస్టీ ఎక్స్‌ట్రా అని చిన్నగ రాసి ఉంటే చెప్పిన రేటు మీద ఇంకో 18 శాతం పడ్తది, రేటు మాట్లాడేటప్పుడే అడుగు. పైసలు మాత్రం మొత్తం ఒక్కసారి ఇయ్యకు, ఆల్బమ్ చేతికొచ్చేదాక కొంత ఆపుకో. ఇంకోటి, ఆల్బమ్ లేటైందని అందరూ స్టూడియోనే తిడ్తరు గాని, సగం ఇండ్లల్ల ఫొటోలు సెలెక్ట్ చేసి పంపనీకే నెలలకు నెలలు పట్టిస్తరు, మీ ఇంట్ల ఆ పని ఎవరిదో గూడ ఇప్పుడే అనుకోండి.

ప్రశ్న: పెద్దబిడ్డ లగ్గం ఇంటి ముందట టెంట్ కిందనే చేసినం. ఫొటోలల్ల అందరి మొఖాలు ఎర్రగ పడ్డయి, కొన్నింట్ల వెనకంత తెల్లగ మొఖాలు నల్లగ వచ్చినయి. ఇప్పుడు చిన్నబిడ్డది. ఫొటోగ్రాఫర్‌ని మార్చాల్నా?
(ఒక తల్లి, వనపర్తి దగ్గర ఊరు)

జవాబు: అమ్మా, మార్చేటి ముందు టెంట్ హౌస్ ఆయనతోని మాట్లాడండి. మన దిక్కు ముహూర్తాలు ఎక్కువ పగటిపూటనే పడ్తయి, పైన ఎర్రబట్టో పసుపుబట్టో కట్టి ఉంటే నడినెత్తిన ఎండ దాంట్ల నుంచి దిగి ఆ రంగు మొఖాల మీద పడ్తది. కంటికి అంత తెల్వదు, మన కన్ను అలవాటైపోతది, కెమెరా మాత్రం ఉన్నది ఉన్నట్టే పట్టుకుంటది. ఫ్లాష్ పైకి కొట్టినా ఆ బట్టకే తగిలి ఆ రంగుతోనే తిరిగొస్తది. కంప్యూటర్ల కొంత సరిచెయ్యొచ్చు, కాని మొఖం బాగుచేస్తే చీర రంగు మారిపోతది, పట్టుచీర రంగు మారితే ఇంట్ల ఊకుంటరా!

అందుకని మండపం పైన వరకన్న తెల్లబట్ట కట్టమనండి, చుట్టూ మీకు నచ్చిన రంగు కట్టుకోండి, ఏం కాదు. మొఖాలు నల్లగ పడ్డయంటే పెండ్లిపిల్ల, పిలగాడు కూసున్న వెనక దిక్కు ఎండ తగిలే ఖాళీ జాగ ఉన్నట్టు, ఆ వెలుతురుకు కెమెరా మోసపోయింది. పీటల వెనక ఒక పరదా కట్టిస్తే సరి. ముహూర్తం టైంకు డీజే వాళ్ల రంగుల లైట్లు బంద్ పెట్టియ్యండి, పెండ్లిపిల్ల మొఖం ఊదారంగు కొట్టుడు వాటితోనే. ఫొటోగ్రాఫర్‌ని ఒకరోజు ముందే పందిరి వేసినంక వచ్చి చూసిపొమ్మనండి, పనోడైతే తనే అడుగుతడు.

అయ్యగారికి గూడ ఒక మాట చెప్పిపెట్టండి. తాళి కట్టేటప్పుడు పిలగాడు ఒక్క క్షణం చెయ్యి ఆపితే చాలు, ముహూర్తం ఏం దాటదు. ఇంకా పెద్ద తిప్పలు మన చుట్టాలతోని, జీలకర్ర బెల్లం అనంగనే అందరూ ఫోన్లు పట్టుకొని పీటల ముందటికొచ్చి నిలబడ్తరు, పైసలిచ్చి పిలిచిన మనిషికి వాళ్ల మోచేతులే దొరుకుతయి. వాళ్లను పక్కకు జరిపే పని మేనమామకో బావకో అప్పజెప్పండి, గట్టిగ అనేటోడై ఉండాలె. ఆయననే గ్రూప్ ఫొటోలకు గూడ పెట్టండి, ఎందుకంటే ఫొటోగ్రాఫర్‌కు మీ పిన్నమ్మ ఎవరో, వియ్యపురాలి చెల్లె ఎవరో ఏం తెల్సు? ఎవరెవరితోని దిగాలెనో రాసి ఒక కాయితం ఇస్తే "మా ఫొటోనే లేదు" అని పదహారు రోజుల పండుగ నాడు లొల్లి పడదు.

ఫొటో తీసేటోళ్లకు అన్నం పెట్టుడు మర్చిపోతరు చాలామంది, అందరూ తిన్నంక తినమంటే అప్పటికి అప్పగింతలు మొదలైతయి. తలంబ్రాలు అయినంక ఇద్దరిద్దరిని పంపి తినిపియ్యండి.

ప్రశ్న: సోమశిలల ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోన్‌తోని. పర్మిషన్లు కావాల్నా? ఇంట్ల పెద్దోళ్లు లగ్గం కాకముందు ఇదేంది అంటున్నరు.
(పెండ్లిపిలగాడు, నాగర్‌కర్నూల్)

జవాబు: డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని పైసలకు ఎగరేసేటోనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలె, డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలె. రెండూ వాట్సాప్‌ల పంపమను, "అయన్నీ మేం చూసుకుంటం అన్నా" అన్నోన్ని నమ్మకు. డ్రోన్ ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే కేంద్రం వాళ్ల డిజిటల్ స్కై మ్యాప్‌ల రెడ్ జోన్ చూపిస్తే కేంద్రం పర్మిషన్ లేకుండ ఎగరెయ్యొద్దు. సోమశిలతోని పాటు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపట గూడ తియ్యాలనుకుంటే ఫారెస్టోళ్లని అడగాలె. అలంపూర్ దిక్కు గూడ పోదామనుకుంటే, నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నయి, అక్కడ ట్రైపాడ్ పెట్టి షూట్ అంటే ముందే పర్మిషన్ తీస్కోవాలె.

సోమశిల అందమంత నీళ్లతోనే. వానకాలం వరదొచ్చి శ్రీశైలం ప్రాజెక్టు నిండినంక పోతే అద్దం లెక్క ఉంటది, ఎండకాలం నీళ్లు లోపటికి పోయి ఒడ్డంత బురద తేల్తది, చీర అంచు ఖరాబ్.

పెద్దోళ్ల మాటకొస్తే, వాళ్లకు షూట్‌తోని కన్నా ఆ వీడియో లగ్గం నాడు ఎల్‌ఈడీ తెర మీద ఊరందరి ముందట ఏస్తరనే భయం ఎక్కువ. తెర మీద ఎయ్యం, ఇద్దరి దగ్గరనే పెట్టుకుంటం అని చెప్పి చూడు. అయినా పిల్లకు, వాళ్లింటోళ్లకు మనసు లేకుంటే ఇడిసిపెట్టు తమ్మీ, ఆ పైసలతోని ఆల్బమ్ మంచిది చేపిచ్చుకో.

ప్రశ్న: లగ్గమై 14 నెలలాయె. ఆల్బమ్ మూడు నెలల ఇస్తనన్నడు, ఇయ్యలే. ఫోన్ ఎత్తడు. షాపుకు పోయి ఫొటోలన్న ఇయ్యమంటే "ఫొటోలు నావి, మిగతా పైసలు కట్టినంకనే" అంటుండు. ఏం చెయ్యాలె?
(నల్గొండ నుంచి ఒక అక్క)

జవాబు: అక్కా, "ఫొటోలు నావి" అన్న మాట నిలబడదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పైసలిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వీడియోలకు హక్కు తీయించుకున్నోళ్లదే, వేరేగ ఒప్పందం రాసుకుంటే తప్ప. అందుకని ముందుగాల మీ బిల్లు, దాని వెనక అచ్చేసిన కండిషన్లు ఒకసారి చదవండి, సంతకం పెట్టిన కాయితం ఉంటే అది గూడ. అండ్ల వేరే తీరుగ ఉంటే కథ మారుతది.

కొట్లాటకు పోకముందు ఫొటోల కాపీ తెచ్చుకునే దారి చూడండి. హార్డ్‌డిస్క్ మీ చేతికి రాంగనే ఇంత అని, ఆల్బమ్ రాంగనే మిగతాది అని పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకొని పోయి మాట్లాడండి. ఎందుకంటే కోపంతోని ఆయన ఫొటోలున్న డిస్క్ ఫార్మాట్ కొడితే నష్టపరిహారం వస్తదేమో గాని మీ అప్పగింతల ఫొటో రాదు.

అయినా వినకుంటే స్పీడ్ పోస్టుల నోటీసు పంపండి, అడ్వాన్స్ ఎంతిచ్చిన్రు, ఏం ఇస్తనన్నడు, ఎప్పుడిస్తనన్నడు, ఇన్ని రోజులల్ల ఇయ్యాలని. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్ అన్నీ దాచిపెట్టండి, "వచ్చే వారం పక్కా అక్కా" అని పెట్టిన మెసేజీలే మీకు సాక్ష్యం. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యండి, దానితోని తేలకుంటే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల కేసు వెయ్యొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలనే వెయ్యొచ్చు, ఇచ్చిన పైసలు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండ మీరే మాట్లాడొచ్చు. గడువు మాత్రం రెండేండ్లే, మీకు చాన పోయింది, కాబట్టి ఈ నెలనే నోటీసు పంపండి.

ప్రశ్న: ఫొటోలు వాట్సాప్‌ల పంపిండు. పెద్ద ఫ్రేమ్ కట్టిస్తే మసకగ వచ్చింది, ఎందుకు?
(మహబూబ్‌నగర్)

జవాబు: వాట్సాప్‌ల మామూలు ఫొటోగ పంపితే సైజు తగ్గిపోతది. ఫోన్ల చూడనీకే పనికొస్తది, గోడకు పెద్దగ పెట్టనీకే పనికిరాదు. డాక్యుమెంట్ లెక్క పంపమనండి, లేకుంటే పెన్‌డ్రైవ్ తీస్కొని షాపుకు పోయి ఒరిజినల్ ఫైల్స్ ఎక్కించుకోండి. పోయినప్పుడు అన్నీ తెచ్చుకొని ఇంకో కాపీ కొట్టి తమ్మునింట్లనో అన్నింట్లనో పెట్టండి, రెండూ ఒక్క బీరువాలనే పెట్టకండి. ఫ్రేమ్ కట్టినాయన దగ్గర అదే సైజుది మళ్ల ప్రింట్ తీపిచ్చుకోండి, ఫ్రేమ్ అదే పనికొస్తది.