కాట్రిడ్జ్‌లో ఇంకు ఉందంటున్నారు సరే, అది ఎవరు పోసిన ఇంకు?

ప్రశ్న: మాది చీపురుపల్లి. 2024 ఆగస్టులో విజయనగరంలోని ఒక దుకాణంలో 5,800 రూపాయలకు ఇంట్లో వాడకానికి ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాం. డిసెంబరు వచ్చేసరికి నల్ల కాట్రిడ్జ్ ఖాళీ అంటూ లైటు వెలగడం మొదలైంది, ప్రింటు ఆగిపోయింది. కాట్రిడ్జ్ ఊపితే లోపల ఇంకు ఉన్నట్టే తెలుస్తోంది. మధ్యలో ఒకసారి బస్టాండు దగ్గర రీఫిల్ కూడా చేయించాం, అయినా అదే పాట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కొత్త కాట్రిడ్జ్ వేసుకోమన్నారు. సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే హేళనగా మాట్లాడి పంపేశారు. ఆఖరి రోజున ప్రింటు రాక మా అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోయింది, పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇరుగుపొరుగు పిల్లలకు పేజీకి 5 రూపాయలు తీసుకుని ప్రింట్లు ఇచ్చేవాళ్లం, అదీ పోయింది. రెండు లక్షలు నష్టపరిహారం అడగొచ్చా? మా బావమరిది నెట్‌లో దొరికే రీసెట్ సాఫ్ట్‌వేర్ వేస్తానంటున్నాడు. వారంటీ అయిపోయింది కాబట్టి కొత్త తేదీతో బిల్లు రాసిస్తానని తెలిసిన దుకాణదారు అన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అమ్మాయి బాధ, సర్వీస్ సెంటర్ వాళ్ల హేళన. కేసు మాత్రం మీరు దారిన పోతూ అన్నట్టు రాసిన ఒక్క వాక్యంలో ఉంది: ‘మధ్యలో ఒకసారి రీఫిల్ కూడా చేయించాం’. ఎప్పుడు? లైటు వెలగకముందా, వెలిగాకా? ఆ తేదీ మీరు రాయలేదు. కేసు నిలుస్తుందో లేదో తేల్చేది ఆ తేదీయే.

ఎందుకో చెబుతాను. మీది కాట్రిడ్జ్ కిందే ప్రింట్ హెడ్, అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం, ఉండే రకం అనుకుంటున్నాను. ఈ రకాల్లో సాధారణంగా లోపలి ఇంకును కొలిచే పరికరం ఏదీ ఉండదు. ఎన్ని చుక్కలు చిమ్మింది, హెడ్ శుభ్రం చేసుకోవడానికి ఎంత వాడింది అని ప్రింటర్ లెక్క రాసుకుంటూ పోతుంది. లెక్క అయిపోతే ‘ఖాళీ’ అంటుంది. బయట సూదితో ఇంకు ఎక్కించినంత మాత్రాన ఆ లెక్క మారదు, ఎందుకంటే ఇంకు పడిందన్న సంగతి దానికి తెలిసే దారి లేదు. కాబట్టి రీఫిల్ చేసిన కాట్రిడ్జ్ మీద ‘ఖాళీ’ అని వస్తే అది చట్టం దృష్టిలో లోపం కాదు, యంత్రం తన పద్ధతిలో తాను పనిచేస్తోందని అవతలి న్యాయవాది ఒక్క పేజీలో తేల్చేస్తాడు. కంపెనీ నుంచి వచ్చిన కాట్రిడ్జ్, సీలు విప్పి పెట్టింది, ఎవరూ సూది పెట్టనిది, సగం ఇంకు ఉండగానే ఆగిపోయిందనుకోండి, అప్పుడు మాట వేరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 2(10) సెక్షన్ చెప్పే ‘లోపం’ పరిధిలోకి అది వస్తుందని గట్టిగా వాదించవచ్చు.

‘ఊపితే ఇంకు ఉన్నట్టు తెలుస్తోంది’ అన్న మాటను ఫిర్యాదులో రాయకండి. ఈ రకం కాట్రిడ్జ్‌లో ఇంకు స్పాంజిలో ఇంకి ఉంటుంది, కొబ్బరికాయలో నీళ్లలా చప్పుడు చేయదు. పైగా హెడ్ ఎండిపోకుండా అడుగున కొంత ఇంకు మిగిల్చే లెక్క ఆపుతామని కంపెనీలు యూజర్ గైడ్‌లోనే రాసుకుంటాయి. ‘కాస్త ఉంది’ అంటే చాలదు, ఎంత ఉందో చూపాలి.

ఇప్పుడు రెండు తేదీలు వెతకండి. మొదటిది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన తేదీ. ఫిర్యాదు నమోదైతే సాధారణంగా నంబరుతో ఒక మెసేజ్ వస్తుంది. ఫోన్ మార్చి ఉంటే పాత ఫోన్ తీయండి, మెసేజ్‌ల్లో కంపెనీ పేరు కొట్టి వెతకండి, మెయిల్ కూడా చూడండి. రెండోది, రీఫిల్ తేదీ. బస్టాండు దగ్గర ఫోన్‌పే, గూగుల్ పేతో కట్టి ఉంటే ఆ చెల్లింపు చరిత్రలో రోజు, గంట సహా ఉంటుంది. నగదు ఇచ్చి ఉంటే రీఫిల్ చేసినతని దగ్గర చీటీ ఉందేమో అడగండి, లేకపోతే ఆ వారంలో ఎవరికైనా వాట్సాప్‌లో ఎర్ర లైటు ఫోటో పంపారేమో చూడండి. ఫిర్యాదు తేదీ ముందు, రీఫిల్ తర్వాత అయితే మీ చేతిలో కేసు ఉంది. రీఫిల్ ముందైతే లేదు. ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, నోటీసుకు ఫీజు కట్టాక కాదు.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లి జాబ్ షీట్, అంటే వస్తువు తెచ్చిన తేదీ, ఫిర్యాదు రాసిచ్చే చీటీ, తీసుకోకుండా వచ్చేశారు. ఇది క్షమించరాని అజాగ్రత్త. వస్తువు లోపలికి పెట్టిన క్షణం జాబ్ షీట్ రాయించుకోవాలి. ‘చేయం’ అంటే ఆ ‘చేయం’ అన్నదే కాగితం మీద కావాలి. వాళ్లు ఎంత హేళన చేశారన్నది కేసు వినే వినియోగదారుల కమిషన్‌కి పట్టదు, వారంటీలో ఉండగా మీరు ఫిర్యాదు చేశారా, వాళ్లు కాదన్నారా అన్నదే చూస్తుంది. ఇప్పుడు ఒకటి చేయండి. ఆ ఫిర్యాదు నంబరు రాసి, ‘ఫలానా తేదీన మీరు నిరాకరించిన కారణం లిఖితపూర్వకంగా తెలపండి’ అని కంపెనీకి మెయిల్, దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టు పంపండి. రీఫిల్ వల్ల వారంటీ పోయిందని జవాబిస్తే భయపడొద్దు. వారంటీ కార్డు తీసి ఆ వాక్యం చదవండి. కొన్ని కంపెనీల కార్డుల్లో, బయటి ఇంకు వాడినంత మాత్రాన ప్రింటర్ వారంటీ పోదు, ఆ ఇంకు వల్లే పాడైందని తేలితే మాత్రం వర్తించదు అని ఉంటుంది. ఆ తేడాలో కేసులు నిలబడతాయి.

బిల్లు థర్మల్ కాగితం మీద ఉంటే ఈ రోజే జిరాక్స్ తీయించండి, ఆ అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి.

సాక్ష్యం పోగు చేసే వరుస ఇది. కాట్రిడ్జ్ కదపకముందే ఫోన్‌తో ఆగకుండా వీడియో తీయండి: ప్రింటర్ వెనకున్న సీరియల్ నంబరు, లైటు లేదా తెర మీద వచ్చిన కోడ్, మూత తెరిచి కాట్రిడ్జ్ నంబరు, మళ్లీ మూత వేశాక అదే హెచ్చరిక. కానన్‌లో చాలా మోడళ్లకు ఇ13 అంటే ఇంకు అయిపోయి ఉండవచ్చు అని, ఇ16 అంటే అయిపోయింది అని. కోడ్ తప్పు రాస్తే అవతలివాళ్లు అక్కడే పట్టుకుంటారు. తర్వాత ప్రింటర్ నుంచే స్టేటస్ పేజీ తీయండి. అందులో మొత్తం ఎన్ని పేజీలు ప్రింట్ చేసిందో చాలా మోడళ్లు చూపిస్తాయి. ప్రింట్ రాకపోతే కంప్యూటర్‌లోని ప్రింటర్ సాఫ్ట్‌వేర్ నుంచి స్క్రీన్‌షాట్ తీయండి. కాట్రిడ్జ్ పెట్టె మీద ‘ఇన్ని పేజీల వరకు’ అని ఉంటుంది. అది ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పరీక్ష పేజీలను ఆగకుండా వరసగా తీసి లెక్కకట్టిన అంకె. మీరు వారానికి ఒక పేజీ తీస్తుంటే హెడ్ శుభ్రతకే చాలా ఇంకు పోతుంది. కాబట్టి అంకెలో కొద్దిపాటి తేడా మీకు పనికిరాదు. పెట్టె మీద 400 ఉండి మీకు 60 వస్తే అప్పుడు మాట్లాడదాం. ప్రింటర్‌తోపాటు వచ్చే మొదటి కాట్రిడ్జ్‌లో కొన్ని మోడళ్లకు ఇంకు తక్కువే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి.

తూకం ఇంకా గట్టి సాక్ష్యం, కానీ సూది పెట్టని కాట్రిడ్జ్‌కే. అదే నంబరు కొత్త కాట్రిడ్జ్ ఒకటి, మీది ఒకటి, బంగారం కొట్టు త్రాసు మీద వేయించి చీటీ రాయించుకోండి. ఇంకు మిల్లీలీటరుకు ఇంచుమించు ఒక గ్రాము. రెండింటి తేడా ఎంత వాడారో చెబుతుంది. మీరు దాన్ని రీఫిల్ చేసేశారు కాబట్టి ఈ సాక్ష్యం మీ చేతులతో మీరే పాడుచేసుకున్నారు. అందుకే నేను తేదీల మీద అంత పట్టుబట్టేది.

వీడియోను ఫోన్‌లో అసలు ఫైలుగానే ఉంచండి. వాట్సాప్‌లో పంపి అక్కడి కాపీని దాఖలు చేస్తే ఫైలు కుదించుకుపోయి ఉంటుంది. కమిషన్ విచారణ అఫిడవిట్, పత్రాల మీద నడుస్తుంది, అయినా ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఫైలు ఏ పరికరంలోదో ధ్రువీకరించే పత్రం, జతచేయండి, పోయేదేం లేదు.

ఇక బావమరిది సంగతి. రీసెట్ సాఫ్ట్‌వేర్ వేయనివ్వకండి. అలాంటివి ఎక్కువగా సర్వీస్ వాళ్ల ప్రోగ్రామ్‌లకు దొంగ కాపీలు, వైరస్‌తో వచ్చేవే ఎక్కువ. అదొక్కటే కాదు. కొన్ని ‘రీసెట్లు’ అసలు ఇంకు లెక్కనే ముట్టవు, వాడి పారేసిన ఇంకు చేరే ప్యాడ్ లెక్కను సున్నా చేస్తాయి, రెండింటికీ సంబంధం లేదు. మీ కేసుకు పెద్ద దెబ్బ ఇది: యంత్రంలో ఉన్న లెక్క చెరిగితే, తప్పుడు హెచ్చరిక వచ్చిందని చూపడానికి యంత్రంలో ఏమీ మిగలదు. ‘ఫిర్యాదుదారే యంత్రాన్ని మార్చాడు’ అన్న వాదన మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టు.

కొత్త తేదీ బిల్లు అన్న ఆలోచన ఇంతకంటే ఘోరం. అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్లు మీకూ, రాసిచ్చిన దుకాణదారుకూ వర్తిస్తాయి, అఫిడవిట్‌లో అబద్ధం చెప్పినందుకు 229 వేరు. సీరియల్ నంబరు, దుకాణం జీఎస్టీ లెక్కలు చూస్తే ఆ బిల్లు నిమిషంలో బయటపడుతుంది. నష్టం 5,800 రూపాయల ప్రింటర్‌ది, జైలు సెక్షన్లు మీ మెడకు. పైగా మీకు ఆ బిల్లు అవసరమే లేదు. హెచ్చరిక వచ్చింది 2024 డిసెంబరులో, అప్పటికి వారంటీ నడుస్తూనే ఉంది. ఆ రోజు ఫిర్యాదు చేశారని నిరూపిస్తే చాలు, ఇవాళ వారంటీ అయిపోయిందా లేదా అన్నది ప్రశ్నే కాదు.

కాలపరిమితి మాత్రం ప్రశ్నే. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. సర్వీస్ సెంటర్ కాదన్న రోజు నుంచి లెక్కపెట్టుకుందామని మీకు అనిపించవచ్చు. అవతలివాళ్లు లైటు వెలిగిన రోజు నుంచి లెక్కపెడతారు. కాబట్టి 2026 డిసెంబరులో ఆ తేదీ రాకముందే వేసేయండి. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, ఉచితం, చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. కానీ హెల్ప్‌లైన్‌లో ఉన్నన్నాళ్లూ గడువు ఆగదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినా గడువు పెరగదు. దాటితే ఆలస్యాన్ని మన్నించమని సరైన కారణంతో అడగవచ్చు, కానీ ‘బావమరిది బాగుచేస్తానన్నాడు’ అన్నది కారణం కాదు.

పేజీకి 5 రూపాయలు అన్నారే, ఆ మాట జాగ్రత్త. వ్యాపారం కోసం కొన్నవాళ్లు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని ఉంటే మినహాయింపు ఉంది, అప్పుడు ఆ సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. మీది ఇంటి వాడకమే, అప్పుడప్పుడూ పొరుగు పిల్లలకు తీసిచ్చారంటే ఉన్నదున్నట్టు రాయండి. ఆదాయం పోయిందని ఒకచోట నష్టపరిహారం అడుగుతూ, ఇంకోచోట ఇంటి వాడకమే అనకండి. రెండూ కలిసి నిలవవు.

రెండు లక్షలు రావు. స్కాలర్‌షిప్ ఆగిందన్న నష్టం, కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెప్పినట్టు, దూరపు నష్టం, దానికి పరిహారం రాదు. ఆ రోజు చీపురుపల్లిలో నెట్ సెంటర్ లేదా, 10 రూపాయలకు ప్రింటు దొరకదా అని అడిగితే మీ దగ్గర జవాబు ఏది? ఆఖరి రోజు దాకా ఆగిందీ మీరే. కాట్రిడ్జ్ మార్పు లేదా దాని ధర, లోపం ప్రింటర్‌దని తేలితే ప్రింటర్ ధర, కొంత మానసిక వేదనకు, ఖర్చులకు అడగండి. అంతవరకు ఆశించవచ్చు. మీరు ఉండేది చీపురుపల్లి కాబట్టి విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. దుకాణాన్ని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లోపం పరీక్షతో తప్ప తేలదని కమిషన్ అనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద ల్యాబ్‌కి పంపిస్తుంది, ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. చిన్న కేసులో ఆ ఖర్చు చూసుకుని దిగండి.

రీఫిల్ తేదీ ముందని తేలిందా? కేసు వదిలేయండి, ప్రింటర్ నడిపించుకోండి. వీడియో తీశాక, ప్రింటర్ ఆపి ప్లగ్ ఒక నిమిషం పీకి ఉంచండి. కాట్రిడ్జ్ తీసి రాగి రంగు కాంటాక్టులను, లోపల ప్రింటర్ వైపున ఉన్నవాటిని, పోగులు రాలని గుడ్డను బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి తుడవండి. కుళాయి నీళ్లు వద్దు. పది నిమిషాలు ఆరనివ్వండి, అరగంటకు మించి బయట ఉంచితే నాజిల్, అంటే ఇంకు వచ్చే సన్న రంధ్రాలున్న చోటు, ఎండిపోతుంది. నాజిల్ మీద వేలు పెట్టొద్దు. కొత్తదైతే రంగు టేపు పూర్తిగా ఊడిందో లేదో చూడండి. క్లిక్ మనేదాకా నొక్కండి. అప్పటికీ ఖాళీ అంటే, కానన్ కాట్రిడ్జ్ రకాల్లో స్టాప్ బటన్ 5 సెకన్లు నొక్కి వదిలితే ఆ కాట్రిడ్జ్‌కు ఇంకు లెక్క చూడటం ఆగి ప్రింటు వస్తుంది. ఇది కంపెనీ గైడ్‌లోనే ఉంది, దీనికి దొంగ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. హెచ్‌పీలో చాలా మోడళ్లలో ఓకే నొక్కితే సాగుతుంది, నల్లది తీసేసి రంగు కాట్రిడ్జ్ ఒక్కదానితోనే నడిపే వీలూ కొన్నింట్లో ఉంది. ఇలా లెక్క ఆపాక ఇంకు నిజంగానే అయిపోయినా ప్రింటర్ చెప్పదు. అక్షరాలు పాలిపోగానే ఆపేయండి, ఎండు హెడ్‌తో నడిపితే కాట్రిడ్జ్ కాలిపోతుంది, దానికి ఏ కంపెనీ బాధ్యత తీసుకోదు.