టెక్ సందేహాలు: జీఎం పోస్టుకు అప్లై చేసే ముందు ఆ ఎక్సెల్ ఫైలు ఒకసారి తెరవండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి బాగా పెద్దది. రాసినాయన హైదరాబాద్‌లో, గల్ఫ్ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నారు. పేరు వేయొద్దన్నారు, ఎందుకో మూడో ప్రశ్న చదివితే తెలుస్తుంది. ఇదే రంగంలో ఇంకో పెద్ద సంస్థలో జనరల్ మేనేజర్ పోస్టు పడిందట. ఆయన టెన్షన్ అంతా కంప్యూటర్ గురించే. అందుకే ఈసారి చోటు దాదాపు ఆయనకే ఇచ్చేశాను. ఆయన ప్రశ్నలు, నా జవాబులు వరసగా ఇవిగో.

రెజ్యూమె డీటీపీ సెంటర్‌లో చేయించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కంపెనీ సైట్‌లో అప్‌లోడ్ చేస్తే మాత్రం గడులన్నీ తప్పుగా నిండుతున్నాయి. ఎందుకు?

మీరు పంపిన పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాను. మొదటి లైను ఇలా వచ్చింది: ‘ఆపరేషన్స్ ఉర్దూ మేనేజర్ హిందీ 2016 నుంచి అరబిక్ కొద్దిగా’. ఎడమ పక్క నీలం పట్టీలో మీ భాషలున్నాయి, కుడి పక్క అనుభవం ఉంది. రెండింటినీ కలిపి అడ్డంగా చదివితే ఇదే వస్తుంది. సైట్ వెనక రెజ్యూమెలు చదివే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఏటీఎస్ అంటారు. దానికి మీ నీలం పట్టీ అందం కనబడదు, ఈ కిచిడీయే కనబడుతుంది.

వర్డ్‌లో మళ్లీ మొదలుపెట్టండి. ఒకటే కాలమ్. టేబుల్స్, టెక్స్ట్ బాక్సులు వద్దు. ఫోన్ నంబరు, ఈమెయిల్ హెడర్‌లో పెట్టొద్దు, కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్‌ని వదిలేస్తాయి. అయిపోయాక వర్డ్ నుంచే పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రింటు తీసి స్కాన్ చేస్తే అది ఫొటోయే. డీటీపీవాళ్లు వాడే కోరల్‌డ్రాలో అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా మార్చి ఇచ్చినా అంతే, కాపీ చేద్దామంటే ఒక్క అక్షరం దొరకదు. పంపే ముందు నోట్‌ప్యాడ్ పరీక్ష మళ్లీ చేయండి.

ఇంకో మాట. ‘ఎక్సెల్’ పక్కన ఐదు చుక్కల్లో నాలుగు నింపారు. నాలుగు చుక్కల ఎక్సెల్ అంటే ఏమిటో నాకు అంతుపట్టలేదు, వాళ్లకూ పట్టదు. ఆ చోట మీరు చేసిన పని రాయండి. రిక్రూటింగ్ ఏజెంటు ఒక్కో అభ్యర్థి దగ్గర తీసుకునే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400 దాటకూడదని రూలున్న రంగం మీది. ప్రతి రసీదూ ఆ లెక్కకు సరిపోతోందో లేదో మీ ఆఫీసులో ఎవరు, ఎందులో చూశారు? ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి గల్ఫ్ వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సినది) ఉన్నవాళ్ల క్లియరెన్సు ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎక్కడ ఆగిందో, ప్రవాసీ భారతీయ బీమా చేయించారో లేదో ఏ రోజైనా ఒక్క షీటు చూసి చెప్పగలిగారా? చెప్పగలిగితే ఆ షీటు గురించి రెండు లైన్లు రాయండి. జీఎం కోసం చూస్తున్న కంపెనీవాళ్లు వెతికేది దాన్నే.

షార్ట్‌లిస్ట్ అయితే ఎక్సెల్ టెస్టు ఉంటుందట. ఇన్నేళ్లూ షీట్లు మా కుర్రాళ్లే చేశారు. ప్రాక్టీసుకని రెండు షీట్లు వీలుకప్‌తో (ఒక షీట్‌లోని నంబరును ఇంకో షీట్‌లో వెతికి దాని వివరం తెచ్చే ఫార్ములా) కలిపితే సగం మందికి ఎర్రర్ వస్తోంది.

పేర్లు తీసేసి ఫైలు పంపారు, మంచి పని చేశారు. 37వ వరస చూడండి. మెడికల్ షీట్‌లోనూ వీసా షీట్‌లోనూ పాస్‌పోర్టు నంబరు కంటికి ఒకేలా ఉంది. పక్క గడిలో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేస్తే ఒకదానికి 8, రెండోదానికి 9 వచ్చింది. చివర ఒక ఖాళీ దాక్కుని ఉంది. ట్రిమ్ వేస్తే మామూలు ఖాళీలు పోతాయి. మెయిల్ నుంచో వెబ్‌పేజీ నుంచో కాపీ చేసినప్పుడు వచ్చే ఇంకో రకం ఖాళీ ఉంది, అది ట్రిమ్‌కు లొంగదు. దాన్ని సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో, ఆ ఖాళీ కోడ్ అయిన క్యారెక్టర్ 160 అని చెప్పి తీసేయాలి. మీ ఫైల్లో ఉన్నది ఈ రెండో రకమే.

ఇక 112వ వరసలో సున్నాకు బదులు ‘ఓ’ కొట్టారు. మన పాస్‌పోర్టు నంబరంటే సాధారణంగా ముందు ఒక ఇంగ్లిష్ అక్షరం, తర్వాత ఏడు అంకెలు. మొదటి అక్షరం దాటాక ఎక్కడ అక్షరం కనబడ్డా పాస్‌పోర్టుతో సరిచూడండి.

అసలు ఎర్రర్ వస్తే నయం. వీలుకప్ చివర ఫాల్స్ అని పెట్టడం మర్చిపోతే అది దగ్గరగా ఉన్న నంబరు పట్టుకుని, దాని ఫలితం తెచ్చి పెట్టేస్తుంది. ఒకరి మెడికల్ ఫిట్ ఇంకొకరి పేరు మీద పడుతుంది, షీట్‌లో ఎర్రగా ఏమీ కనబడదు. ఎక్స్‌లుకప్‌లో ఈ గొడవ లేదు, మామూలుగానే అచ్చంగా కలిసేదాన్నే వెతుకుతుంది. అది ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. టెస్టు పెట్టే కంప్యూటర్లో పాత ఎక్సెల్ ఉంటే దొరకదు, కాబట్టి రెండూ చేతికి అలవాటు చేసుకోండి.

తేదీలు కూడా చూసుకోండి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 4. పన్నెండు లోపు తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి, పదమూడు నుంచి అక్షరాలుగా మిగిలిపోయి గడిలో ఎడమకు జరుగుతాయి. కాలమ్‌లో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి కనబడ్డాయంటే ఏదో తేడా ఉన్నట్టే. నెలను అంకెతో కాకుండా పేరుతో కొట్టడం అలవాటు చేసుకోండి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలల్లోపు అయిపోయేవాళ్లను ఎర్రగా చూపించాలంటే కండిషనల్ ఫార్మాటింగ్‌లో తేదీకి నెలలు కలిపే ఈడేట్, ఈ రోజు తేదీ ఇచ్చే టుడే వాడండి. పెద్ద షీటును చిన్న లెక్కల పట్టికగా చూపించే పివట్ టేబుల్ నేర్చుకోడానికి ఒక సాయంత్రం చాలు.

ఉద్యోగాల సైట్ లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ (కొత్త ఉద్యోగం చూస్తున్నానని చెప్పే గుర్తు) పెడితే మా బాస్‌కు తెలుస్తుందా?

ఫొటో చుట్టూ దాని ఆకుపచ్చ రింగు పెడితే అందరికీ తెలుస్తుంది. ‘రిక్రూటర్లకు మాత్రమే’ అని పెడితే మీ కంపెనీ రిక్రూటర్లకు చూపించకుండా ఉండేందుకు లింక్డ్‌ఇన్ ప్రయత్నిస్తుంది, గ్యారంటీ మాత్రం ఇవ్వదు. మీ బాస్ రిక్రూటరే, ఆయన స్నేహితులూ రిక్రూటర్లే. ఒక్కరు చూసి ఫోన్ కొడితే చాలు. అసలు పెట్టకండి. ప్రొఫైల్ మార్చేటప్పుడు ఆ మార్పులు అందరికీ తెలియజేసే సెట్టింగ్ కూడా ముందే ఆపేయండి.

కొత్త కంపెనీవాళ్లు ఫోన్లో ‘మీ దగ్గర క్యాండిడేట్ల డేటా ఉంటుంది కదా’ అన్నారు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లొచ్చా?

వద్దు. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చి మీ బల్ల మీద పాస్‌పోర్టు పెట్టిన మనిషి మీ ఆఫీసును నమ్మి ఇచ్చాడు, మీ పెన్‌డ్రైవ్‌కు కాదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. పైగా ఆ ప్రశ్న పరీక్ష కూడా అయ్యుండొచ్చు: ఈ రోజు పాత ఆఫీసు డేటా తెచ్చినాయన, రేపు మన డేటా ఎత్తుకెళ్లడా?

మీరు వెంటనే చేయాల్సింది ఇంకోటి ఉంది. ఇన్నేళ్లూ అభ్యర్థులు వాట్సాప్‌లో పాస్‌పోర్టులు పంపి ఉంటారు. ఫోన్ గ్యాలరీ తెరవండి. పిల్లల పుట్టినరోజు ఫొటోల మధ్య ఎవరివో పాస్‌పోర్టులు ఉంటాయి, బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫొటోస్‌లోకీ వెళ్లిపోయి ఉంటాయి. ఒకసారి ఇంటి దగ్గర జిరాక్స్ షాపులో నా కాగితం ప్రింట్ తీయించుకుంటుంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ల ఆధార్లు వరసగా కనబడ్డాయి. మీ ఫోనూ ఇప్పుడు ఆ కంప్యూటర్‌లాంటిదే. ఆఫీసుకు కావాల్సినవి ఆఫీసు సిస్టమ్‌లోకి చేర్చి, మిగతావి ఫోన్లోనూ క్లౌడ్‌లోనూ తీసేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా విజిబిలిటీ ఆఫ్ చేయండి. కవర్ లెటర్ కోసం చాట్‌జీపీటీ వాడతానన్నారు, వాడుకోండి కానీ అభ్యర్థుల షీటు అందులో పేస్ట్ చేయకండి. చాట్‌జీపీటీ రాసిచ్చిందాన్ని ఒకసారి పైకి చదవండి, మీరు మాట్లాడినట్టు లేని వాక్యం కొట్టేయండి.

దుబాయ్ కంపెనీతో హెచ్ఆర్ మేనేజర్ ఇంటర్వ్యూ ఉంది. వాట్సాప్ వీడియో కాల్ అయితే సులువని చెప్పనా? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అడ్డంకులున్నాయి, మెసేజీలు మాత్రం వెళ్తాయి. టీమ్స్ లేదా జూమ్ లింకు అడగండి. దుబాయ్ టైము మనకంటే గంటన్నర వెనక, వాళ్లు పదకొండంటే మనకు పన్నెండున్నర. క్యాలెండర్ ఇన్విటేషన్ పంపమంటే ఈ లెక్కే అక్కర్లేదు. లాప్‌టాప్ కెమెరా మసగ్గా ఉందన్నారు. విండోస్ 11లో ఆండ్రాయిడ్ ఫోన్ కెమెరాను వెబ్‌క్యామ్‌గా వాడుకోవచ్చు, ముందు రోజే కలిపి చూసుకోండి. కిటికీ మీ వెనక కాకుండా ఎదురుగా ఉండేలా కూర్చోండి.

గల్ఫ్‌కు పంపే ఏజెన్సీలో బ్రాంచ్ మేనేజర్‌గా రమ్మంటున్నారు. అది అసలుదో కాదో ఆన్‌లైన్‌లో తెలుస్తుందా? (కడప నుంచి)

తెలుస్తుంది. ఈమైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంది, అభ్యర్థులతో పాటు మీరూ చూడొచ్చు. బోర్డు మీది పేరు కాదు, లైసెన్సు నంబరు అడిగి దానితో వెతకండి. పేరులో ఒక్క అక్షరం మార్చి నడిపేవాళ్లుంటారు. నంబరు దొరికాక అది ఇప్పటికీ చెల్లుతుందా, చిరునామా మీరు వెళ్లిన ఆఫీసుదేనా చూడండి. బ్రాంచి అంటున్నారు కాబట్టి ఆ బ్రాంచికి అనుమతి ఉందో లేదో కాగితం చూపించమనండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేయకూడదు, బ్రాంచి మేనేజర్‌గా సంతకం పెట్టేది మీరే. ‘అప్లై చేశాం, రేపోమాపో వస్తుంది’ అంటే, వచ్చాకే చేరతానని చెప్పండి.